ట్రెజర్ నౌకా దుర్ఘటన (2000): పెంగ్విన్‌ల రక్షణలో సంస్థల సహకారం - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

2000 జూన్ 23న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ సమీపంలో ‘ట్రెజర్’ అనే సరుకు నౌక మునిగిపోయింది. దాని నుండి వెలువడిన ఇంధన చమురు రాబెన్, డాసెన్ దీవులను చుట్టుముట్టింది. ఆఫ్రికా పెంగ్విన్‌ల ప్రధాన ఆవాసాలలో ఈ రెండు దీవులూ ముఖ్యమైనవి. ఆ తరువాతి మూడు నెలలలో స్వచ్ఛంద సంస్థలు, ప్రభుత్వ శాఖలు, విశ్వవిద్యాలయ పరిశోధకులు, సైన్యం, వేలాది పౌరులు కలిసి సుమారు 38 వేల పెంగ్విన్‌లను చేతులతో పట్టుకొని కాపాడారు. ఈ విజయం కేవలం ఆపత్కాలపు ఉత్సాహం వల్ల సాధ్యం కాలేదని, 1968 నుండి కూడబెట్టుకున్న సంస్థాగత అనుభవం, 1994 నాటి వైఫల్యాల సమీక్ష, రక్షించిన పక్షులను ఏళ్ల తరబడి గమనించిన శాస్త్రీయ క్రమశిక్షణ దానికి ఆధారాలని ఈ వ్యాసం నిరూపించ ప్రయత్నిస్తుంది. అటువంటి సహకారానికి గల పరిమితులను కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: చమురు తెట్టు, ఆఫ్రికా పెంగ్విన్, ట్రెజర్ నౌక, అపోలో సీ, శాన్‌కాబ్, రాబెన్ దీవి, డాసెన్ దీవి, పర్యావరణ చరిత్ర.

1. ప్రవేశిక

సముద్రంలో చమురు ఒలికినప్పుడు పత్రికలలో తరచుగా కనిపించే చిత్రం ఒకటే. నల్లటి జిగురులో తడిసి, రెక్కలు విప్పలేక ఒడ్డున కూలబడిన పక్షి. దాని పక్కన చేతితొడుగులు వేసుకున్న మనిషి. ఈ దృశ్యం కరుణను కలిగిస్తుంది. అయితే ఆ మనిషి అక్కడికి ఎలా చేరాడు, పక్షిని పట్టుకోవడానికి అతనికి ఎవరు అనుమతి ఇచ్చారు, పట్టిన పక్షిని ఎక్కడికి పంపాలో ఎవరు నిర్ణయించారు, ఖర్చు ఎవరు భరించారు, విడిచిపెట్టిన తరువాత ఆ పక్షి బతికిందో లేదో ఎవరు తెలుసుకున్నారు అన్న ప్రశ్నలకు ఆ చిత్రం సమాధానం చెప్పదు. చరిత్రకారుడికి ముఖ్యమైనవి ఈ ప్రశ్నలే.

చమురు సముద్రపక్షిని రెండు విధాలుగా దెబ్బతీస్తుంది. పక్షి ఈకలు ఒకదానితో ఒకటి అల్లుకొని, నీరు చొరని కవచంలా శరీరాన్ని వెచ్చగా ఉంచుతాయి. చమురు అంటగానే ఆ అల్లిక విడిపోతుంది. చన్నీరు నేరుగా చర్మాన్ని తాకుతుంది. పక్షి చలికి వణుకుతూ ఒడ్డుకు చేరి ఆకలితో మరణిస్తుంది. ఇక రెండవది, ముక్కుతో ఈకలను సవరించుకునే అలవాటు. ఆ ప్రయత్నంలో చమురు కడుపులోకి పోయి పేగులను, రక్తాన్ని దెబ్బతీస్తుంది. కాబట్టి పక్షిని కడగడం ఒక్కటే చికిత్స కాదు. ముందు దాని ప్రాణశక్తిని నిలబెట్టాలి. ఆ తరువాతే కడగాలి. ఈకలు మళ్లీ నీటిని అడ్డుకునే దాకా ఉంచుకోవాలి. ఈ వరుసను గుర్తించడానికి మనుషులకు చాలా కాలం పట్టింది, వేలాది పక్షుల ప్రాణాలూ పోయాయి.

2. పూర్వరంగం: సద్భావన ఉన్నా ఫలితం లేని కాలం

1967 మార్చి 18న ‘టోరీ కాన్యన్’ అనే చమురు నౌక ఇంగ్లాండు నైరుతి కొసన, కార్న్‌వాల్‌కూ సిల్లీ దీవులకూ మధ్యనున్న రాళ్లపై చిక్కుకుంది. అందులో సుమారు 1,19,000 టన్నుల ముడిచమురు ఉంది. చమురును చెదరగొట్టడానికి అప్పుడు వాడిన రసాయనాలు తీరప్రాంత జీవులకు చమురు కంటే ఎక్కువ హాని చేశాయని తరువాత తేలింది. స్థానికులు, జంతు సంక్షేమ సంఘాలవారు వేలాది పక్షులను సేకరించి కడిగారు. వాటిలో బతికి బయటపడినవి చాలా తక్కువ. ఎవరికీ అంతకుముందు అనుభవం లేదు; ఏ సబ్బు వాడాలో, ఎంతకాలం ఉంచాలో తెలిపే గ్రంథమూ లేదు.

1971 జనవరి 18న శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో రెండు చమురు నౌకలు ఢీకొన్నాయి. స్వచ్ఛంద సేవకులు సుమారు 7 వేల పక్షులను సేకరించగా, కోలుకొని సముద్రానికి తిరిగి వెళ్లినవి సుమారు 300 మాత్రమే. ఈ పరాజయం నుండే ఆలిస్ బెర్క్‌నర్ అనే నర్సు చొరవతో ‘ఇంటర్నేషనల్ బర్డ్ రెస్క్యూ’ సంస్థ పుట్టింది. 1976లో డెలావేర్ నదిలో చమురు ఒలికిన ఘటన తరువాత అమెరికా తూర్పు తీరంలో ‘ట్రై-స్టేట్ బర్డ్ రెస్క్యూ’ ఏర్పడింది. ప్రతి సంస్థా ఒక దుర్ఘటన నుండి పుట్టడం, ప్రతి దుర్ఘటనా అంతకుముందు లేని ఒక లోటును బయటపెట్టడం ఈ చరిత్రలో పదే పదే కనిపించే లక్షణం.

1989 మార్చి 24న అలాస్కాలో ‘ఎక్సాన్ వాల్డీజ్’ నౌక నుండి సుమారు 1.1 కోట్ల గ్యాలన్ల చమురు ఒలికింది. ఆ ఘటనలో రెండున్నర లక్షల సముద్రపక్షులు మరణించి ఉంటాయని అంచనా. చికిత్సకు చేరిన పక్షులు సుమారు 1,600. ధనానికి కొరత లేకపోయినా, మారుమూల తీరంలో పక్షులను వెదికి పట్టుకోవడం, తరలించడం, వసతి కల్పించడం అన్నీ అప్పటికప్పుడు మొదటినుండి ఏర్పరచుకోవలసి వచ్చింది. దీని ప్రభావంతో అమెరికాలో 1990లో చమురు కాలుష్య చట్టం వచ్చింది. కాలిఫోర్నియా రాష్ట్రం మరొక అడుగు ముందుకు వేసి, దుర్ఘటనకు ముందే వైద్య కేంద్రాలను, శిక్షణ పొందిన సిబ్బందిని సిద్ధంగా ఉంచే ‘ఆయిల్డ్ వైల్డ్‌లైఫ్ కేర్ నెట్‌వర్క్’ను 1994లో నెలకొల్పింది.

3. కేప్ తీరం - శాన్‌కాబ్ ఆవిర్భావం

దక్షిణాఫ్రికా కథకు మూలం వేల కిలోమీటర్ల దూరంలోని సూయజ్ కాలువలో ఉంది. 1967 జూన్‌లో జరిగిన అరబ్బు-ఇజ్రాయెల్ యుద్ధంతో ఆ కాలువ మూతపడి 1975 వరకూ తెరుచుకోలేదు. పర్షియన్ అఖాతం నుండి ఐరోపాకు వెళ్లే చమురు నౌకలన్నీ ఆఫ్రికా దక్షిణ కొసను చుట్టిరావలసి వచ్చింది. శీతకాలపు తుపానులకు పేరుపడిన ఆ మార్గం పక్కనే ఆఫ్రికా పెంగ్విన్‌ల గూళ్లున్నాయి. నమీబియా, దక్షిణాఫ్రికా తీరాలలో తప్ప ఈ జాతి మరెక్కడా గూడు కట్టదు.

1968లో ‘ఎస్సో ఎస్సెన్’ అనే నౌక నుండి కేప్ తీరంలో చమురు ఒలికింది. వెయ్యికి పైగా పెంగ్విన్‌లు తడిసిపోయాయి. ఆల్థియా వెస్ట్‌ఫాల్ అనే మహిళ పదుల కొద్దీ పక్షులను చేరదీసి సాకడం మొదలుపెట్టారు. ఆ ఏడాదే తీర పక్షుల సంరక్షణకు ఒక జాతీయ సంస్థ రూపుదిద్దుకుంది. దాని ఆంగ్ల నామపు పొడి అక్షరాలను కలిపి ‘శాన్‌కాబ్’ అని వ్యవహరిస్తారు. పెద్ద దుర్ఘటనలు లేని సంవత్సరాలలో కూడా ఈ సంస్థ మూతపడలేదు. నౌకలు దొంగచాటుగా వదిలే వ్యర్థ చమురులో చిక్కుకున్న పక్షులు ప్రతి ఏటా దానికి చేరుతూనే ఉండేవి. ఆ నిత్యసేవయే దాని సిబ్బందికి శిక్షణ అయింది. పెంగ్విన్‌కు చచ్చిన చేపను ఎలా తినిపించాలి, ఏ దశలో రక్తపరీక్ష చేయాలి, ఏ సంకేతం కనబడితే విడిచిపెట్టవచ్చు అన్న విషయాలు ఈ చిన్న చిన్న అనుభవాల నుండే స్థిరపడ్డాయి.

ఆఫ్రికా పెంగ్విన్ అప్పటికే తగ్గుతున్న జాతి. ఇరవయ్యవ శతాబ్ది తొలి దశాబ్దాలలో దాని గుడ్లను లక్షల సంఖ్యలో సేకరించి అమ్మేవారు. దీవులపై తరతరాలుగా పేరుకున్న రెట్టను ఎరువు కోసం గీకి తీసుకుపోయారు. ఆ రెట్ట పొరలలోనే బొరియలు తవ్వుకొని గుడ్లు పెట్టే పెంగ్విన్‌లు ఎండకూ వేటాడే పక్షులకూ గురయ్యాయి. ఈ స్థితిలో ఒక్క పెద్ద చమురు దుర్ఘటన ఒక జాతి భవిష్యత్తునే మార్చగలదు.

4. అపోలో సీ (1994): వైఫల్యాన్ని సమీక్షించిన తీరు

1994 జూన్ 20న ఇనుప ఖనిజంతో సల్దానా అఖాతం నుండి బయలుదేరిన ‘అపోలో సీ’ కొద్ది గంటలలోనే మునిగిపోయింది. అందులోని 36 మంది నావికులూ మరణించారు. దక్షిణాఫ్రికాలో తొలి సార్వత్రిక ఎన్నికలు జరిగి అప్పటికి రెండు నెలలే అయింది. నౌకలోని ఇంధన చమురు డాసెన్ దీవిని, ఆపై రాబెన్ దీవిని తాకింది. సుమారు 10 వేల పెంగ్విన్‌లు చమురులో తడిశాయి. వాటిలో కోలుకొని తిరిగి సముద్రానికి చేరినవి దాదాపు సగం.

ఈ సగం నష్టానికి కారణాలను పరిశోధకులు, శాన్‌కాబ్ సిబ్బంది నిశితంగా పరిశీలించారు. మరణాలలో చాలాభాగం తొలి రోజులలోనే సంభవించాయి. దీవి నుండి నగరానికి తరలించేటప్పుడు పక్షులను ఇరుకుగా, గాలి సరిగా ఆడని చోట ఉంచడం ప్రధాన లోపంగా తేలింది. అంటే కొన్ని పక్షుల మరణానికి చమురు కంటే వాటిని కాపాడాలన్న తొందరే కారణమైంది. ఈ చేదు నిజాన్ని దాచకుండా నమోదు చేయడం తరువాతి విజయానికి పునాది అయింది. గాలి ఆడే పెట్టెలు, ఒక్కో పెట్టెలో పక్షుల సంఖ్యకు పరిమితి, ప్రయాణానికి ముందు విశ్రాంతి వంటి నియమాలు దీని ఫలితాలే.

కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలోని పక్షిగణన విభాగం మరొక ముఖ్యమైన పని చేసింది. విడిచిపెట్టిన నాలుగు వేలకు పైగా పక్షుల రెక్కలకు సంఖ్యలున్న లోహపు పట్టీలు తొడిగించింది. లెస్ అండర్‌హిల్, ఆయన సహచరులు ఆ పట్టీలను దీవులపై వెదుకుతూ వెళ్లగా, రెండేళ్లలోనే వాటిలో సగానికి పైగా సజీవంగా కనిపించాయి. ఈ ఫలితాలు 1999లో ‘ఐబిస్’ అనే పక్షిశాస్త్ర పత్రికలో వెలువడ్డాయి. మరుసటి ఏడాదే ఆ జ్ఞానం అవసరమైంది.

5. ట్రెజర్ (2000)

5.1 ఘటన

బ్రెజిల్ నుండి చైనాకు ఇనుప ఖనిజం తీసుకుపోతున్న ‘ట్రెజర్’ అడుగుభాగానికి రంధ్రం పడి, 2000 జూన్ 23న రాబెన్, డాసెన్ దీవుల మధ్య సముద్రంలో మునిగిపోయింది. దాని నుండి ఒలికినది సుమారు 1,300 టన్నుల ఇంధన చమురు. టోరీ కాన్యన్‌తో పోలిస్తే ఇది నూరవ వంతు మాత్రమే. కానీ చమురు దుర్ఘటన తీవ్రతను టన్నులతో కొలవలేమని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఆ ఏడాది పెంగ్విన్‌ల సంతానోత్పత్తి బాగుంది. జూన్ నెల గూళ్లలో గుడ్లు, పిల్లలు నిండుగా ఉండే కాలం. ప్రపంచంలోని ఆఫ్రికా పెంగ్విన్‌లలో దాదాపు 40 శాతం ప్రమాదంలో పడ్డాయి.

చమురు మొదట రాబెన్ దీవిని తాకింది. నెల్సన్ మండేలా ఏళ్ల తరబడి ఖైదీగా గడిపిన ఆ దీవి 1999లోనే ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తింపు పొందింది. అక్కడి పెంగ్విన్‌లది కూడా తిరిగివచ్చిన చరిత్రే. వేట వల్ల పూర్తిగా కనుమరుగైన ఆ పక్షులు 1983లో మళ్లీ అక్కడ గూళ్లు కట్టడం ప్రారంభించాయి. తరువాతి రోజులలో తెట్టు ఉత్తరానికి కదిలి డాసెన్ దీవిని చేరింది.

5.2 రెండు నిర్ణయాలు

తడిసిన పక్షులను పట్టి శుభ్రపరచాలన్నది మొదటి నిర్ణయం. ఇందులో ఎవరికీ సందేహం లేదు. రెండవ నిర్ణయం అంత సులభమైనది కాదు. చమురు ఇంకా అంటని పక్షులు వేల సంఖ్యలో దీవులపై ఉన్నాయి. అవి ఆహారం కోసం నీటిలోకి దిగిన మరుక్షణం తడిసిపోతాయి. వాటిని అలాగే వదిలితే కడగవలసిన పక్షుల సంఖ్య రెట్టింపు అవుతుంది. ఏ సంస్థా ఆ భారాన్ని మోయలేదు. పట్టుకొని బోనులలో ఉంచితే వేలాది ఆరోగ్యమైన పక్షులకు ప్రతిరోజూ చేతితో తినిపించాలి. గూడు వదిలించి పంపితే వాటి గుడ్లు, పిల్లలు అనాథలవుతాయి.

శాస్త్రవేత్తలు, ప్రభుత్వ సముద్ర తీర నిర్వహణ విభాగం అధికారులు ఎంచుకున్న మార్గం ధైర్యంతో కూడినది. చమురు అంటని సుమారు 19,500 పెంగ్విన్‌లను పట్టి, ట్రక్కులలో 800 కిలోమీటర్ల తూర్పున పోర్ట్ ఎలిజబెత్ సమీపంలోని కేప్ రెసిఫ్‌కు తరలించి అక్కడ సముద్రంలో విడిచిపెట్టారు. పెంగ్విన్‌కు తన గూటికి తిరిగిరావాలన్న సహజ ప్రేరణ బలంగా ఉంటుంది. అవి ఈదుకుంటూ ఇల్లు చేరేలోగా దీవుల తీరం శుభ్రపడుతుందన్నది లెక్క. దూరాన్నే కాలంగా మార్చుకున్న ఆలోచన ఇది.

ఆ లెక్క సరైనదో కాదో తెలుసుకోవడానికి మూడు పక్షులకు ఉపగ్రహ సంకేత పరికరాలు అమర్చారు. పీటర్, పమేలా, పర్సీ అని వాటికి పేర్లు పెట్టారు. తీరం వెంట అవి పడమరకు ఈదుతున్న మార్గాన్ని విశ్వవిద్యాలయ పరిశోధకులు రోజూ ప్రకటిస్తూ ఉంటే, దక్షిణాఫ్రికాతోపాటు ఇతర దేశాల ప్రజలూ ఆసక్తిగా అనుసరించారు. తరలించిన పక్షులు రెండు మూడు వారాలకు దీవులను చేరడం మొదలుపెట్టాయి. అప్పటికి చమురు ఉధృతి తగ్గింది.

5.3 సాల్ట్ రివర్ గోదాము

తడిసిన సుమారు 19 వేల పక్షులకు శాన్‌కాబ్ కేంద్రం చాలలేదు. కేప్‌టౌన్‌లోని సాల్ట్ రివర్ ప్రాంతంలో, ఒకప్పుడు రైళ్ల మరమ్మతుకు వాడిన పెద్ద గోదామును కొద్ది రోజులలోనే పక్షుల ఆసుపత్రిగా మార్చారు. నీళ్లు లేని గుండ్రని ఈతకొలనులనే ఆవరణలుగా వరుసగా అమర్చి, ఒక్కో దానిలో పదుల కొద్దీ పక్షులను ఉంచారు. దాదాపు 16 వేల పెంగ్విన్‌లు ఆ ఒక్క కప్పు కింద చేరాయి.

అక్కడి శ్రమలో ఎక్కువ భాగం కడగడం కంటే తినిపించడంలోనే ఉంది. అడవి పెంగ్విన్ కదిలే చేపనే ఆహారంగా గుర్తిస్తుంది. చచ్చిన చేపను ముట్టదు. కాబట్టి ప్రతి పక్షినీ ఒడిసి పట్టుకొని, ముక్కు తెరిచి, సార్డైన్ చేపను గొంతులోకి జార్చాలి. పెంగ్విన్ ముక్కు అంచులు కత్తివలె పదునైనవి. తొడుగులు వేసుకున్నా సేవకుల చేతులపై గాయాలు మామూలైపోయాయి. కడిగే పనికి ఒక్కో పక్షి వద్ద ఇద్దరు కావాలి. ఒకరు పట్టుకోవాలి, మరొకరు పాత్రలు కడిగే డిటర్జెంటు కలిపిన గోరువెచ్చని నీటితో ఈకలను, కళ్ల చుట్టూ ఉన్న సన్నని రోమాలను శుభ్రపరచాలి. ఆపైన డిటర్జెంటు చుక్క కూడా మిగలకుండా కడగాలి; మిగిలితే ఈకలు నీటిని అడ్డుకోలేవు. కిక్కిరిసిన చోట శ్వాసకోశ శిలీంధ్ర వ్యాధి, దోమల ద్వారా వచ్చే పక్షి మలేరియా ప్రబలే ప్రమాదం కూడా ఉంది.

ఈ పనికి 12 వేలకు మించిన స్వచ్ఛంద సేవకులు ముందుకు వచ్చారు. వారిలో అత్యధికులు అంతకుముందు ఎన్నడూ పెంగ్విన్‌ను తాకినవారు కారు.

5.4 బాధ్యతల విభజన

ఇంతమంది ఒకేచోట చేరినా పని చెదిరిపోకపోవడానికి కారణం బాధ్యతల స్పష్టత. అది ఈ విధంగా కనిపిస్తుంది.

• శాన్‌కాబ్: పక్షుల చికిత్స విధానం, స్థానిక సిబ్బంది, తీరవాసులతో మూడు దశాబ్దాల పరిచయం.

• ఇంటర్నేషనల్ ఫండ్ ఫర్ యానిమల్ వెల్ఫేర్: ఆర్థిక వనరులు, అంతర్జాతీయ నిపుణుల సమీకరణ. ఇంటర్నేషనల్ బర్డ్ రెస్క్యూకు చెందిన జే హోల్‌కాంబ్ వంటి అనుభవజ్ఞులు దీని ద్వారానే వచ్చారు. వివిధ దేశాల జంతు ప్రదర్శనశాలలలో, అక్వేరియంలలో పెంగ్విన్‌లను సాకే సిబ్బంది విభాగాలకు పర్యవేక్షకులుగా నిలిచారు.

• ప్రభుత్వ సముద్ర తీర నిర్వహణ విభాగం, కేప్ ప్రకృతి సంరక్షణ శాఖ, రాబెన్ ఐలాండ్ మ్యూజియం: దీవులపై అధికారం, పక్షులను పట్టే అనుమతి, తరలింపు నిర్ణయం.

• సైన్యం: దీవుల నుండి ప్రధాన భూభాగానికి హెలికాప్టర్లలో పెట్టెల రవాణా.

• కేప్‌టౌన్ విశ్వవిద్యాలయం: పట్టీలు తొడిగించడం, గణన, విడిచిన తరువాతి పరిశీలన.

ఇందులో ఏ ఒక్కదాన్ని తొలగించినా మిగిలినవి నిష్ఫలమయ్యేవి. అనుమతి లేనిదే హెలికాప్టరు దీవిపై దిగదు. ధనం ఉన్నా చికిత్స తెలిసినవారు లేకుంటే 1971 నాటి ఫలితమే పునరావృతమవుతుంది. గణన లేకుంటే చేసిన పనికి విలువ కట్టలేము. చికిత్స పొందిన పక్షులలో దాదాపు 90 శాతం తిరిగి సముద్రానికి చేరాయి. అయినా సుమారు 2 వేల పెద్ద పక్షులు, 4 వేలకు పైగా పిల్లలు మరణించాయి. అనాథలైన మూడు వేలకు పైగా పిల్లలను చేతితో పెంచడానికి తీసుకున్నారు.

6. రక్షణ ఫలించిందా? - ఒక శాస్త్రీయ వివాదం

కడిగి విడిచిన పక్షి నిజంగా బతుకుతుందా అన్న ప్రశ్న ట్రెజర్‌కు ముందే శాస్త్రలోకాన్ని రెండుగా చీల్చింది. 1996లో బ్రయన్ షార్ప్ అదే ‘ఐబిస్’ పత్రికలో ప్రచురించిన పరిశోధన ఉత్తర అమెరికాలో శుభ్రపరచి విడిచిన గిల్లెమాట్ పక్షులలో అధిక భాగం రోజుల వ్యవధిలోనే మరణించాయని చూపింది. పట్టీల సమాచారమే ఆ పరిశోధనకూ ఆధారం. ఈ శ్రమంతా మనుషుల మనశ్శాంతి కోసమే తప్ప పక్షుల కోసం కాదని, ఆ ధనాన్ని ఆవాసాల పరిరక్షణకు వినియోగించడం మేలని విమర్శకులు వాదించారు.

మూడేళ్ల తరువాత అదే పత్రికలో అండర్‌హిల్ బృందం చూపిన ఫలితం ఇందుకు భిన్నం. ఈ రెండింటి మధ్య వైరుధ్యం పైకి కనిపించినంత లోతైనది కాదు. గిల్లెమాట్ సంతానోత్పత్తి కాలం తప్ప జీవితమంతా నీటిపైనే గడుపుతుంది. నేలపై ఉంచితే దాని కాళ్లకు, రొమ్ముకు పుండ్లు పడతాయి. పెంగ్విన్ నేలపై నిలబడగలదు, నడవగలదు, వారాల తరబడి ఆకలిని తట్టుకోగలదు. కాబట్టి ‘చమురు అంటిన పక్షులను కాపాడవచ్చా’ అన్న ప్రశ్నను జాతులన్నిటికీ కలిపి ఒకేసారి అడగకూడదు.

ట్రెజర్ పక్షులపై సాగిన దీర్ఘకాలిక పరిశీలన మరింత సూక్ష్మమైన చిత్రాన్ని ఇచ్చింది. రాబెన్ దీవిలో కడిగిన పక్షులు తిరిగి వచ్చి గూళ్లు కట్టాయి. అయితే పిల్లలను పెంచడంలో అవి, చమురు అంటకముందే తరలించిన పక్షుల కంటే వెనుకబడ్డాయి. చేతితో పెంచిన పిల్లలు పెద్దయ్యాక సహజంగా పెరిగినవాటితో సమానంగా మనుగడ సాగించాయి. దీని సారాంశం స్పష్టం: కడగడం మంచిది, తడవకుండా చూడడం అంతకంటే మంచిది. 2003లో పీటర్ రయన్ జనాభా నమూనాల ఆధారంగా చేసిన అంచనా ప్రకారం, శుభ్రపరచే కృషి లేకపోయి ఉంటే ఉండే సంఖ్య కంటే నాటి పెంగ్విన్ జనాభా 19 శాతం అధికం.

పరిశీలన పద్ధతి కూడా విమర్శకు అతీతం కాలేదు. రెక్కకు తొడిగే లోహపు పట్టీ ఈదేటప్పుడు నీటి నిరోధాన్ని పెంచి పక్షి ఆయుష్షును తగ్గిస్తుందని రాజపెంగ్విన్‌లపై జరిగి 2011లో ‘నేచర్’ పత్రికలో వెలువడిన పరిశోధన నిరూపించింది. చర్మం కింద అమర్చే చిన్న ఎలక్ట్రానిక్ గుర్తింపు చిప్పులు ఆ పట్టీలకు ప్రత్యామ్నాయమయ్యాయి. ఏ సాక్ష్యం రక్షణ కృషిని సమర్థించిందో, ఆ సాక్ష్యాన్ని సేకరించిన సాధనమే పక్షికి కొంత భారమైందన్నది ఈ చరిత్రలో గుర్తుంచుకోదగిన విషయం.

7. అనంతర పరిణామాలు: గోదాము నుండి న్యాయస్థానానికి

అపోలో సీ, ట్రెజర్ రెండూ చమురు నౌకలు కావు, ఖనిజ నౌకలు. వాటి నుండి ఒలికినది సరుకు కాదు, ఇంజను నడపడానికి ఉంచుకున్న ఇంధనం. టోరీ కాన్యన్ అనంతరం 1969లో రూపొందిన అంతర్జాతీయ పౌర బాధ్యతా ఒప్పందం చమురు రవాణా నౌకలకే ప్రధానంగా వర్తించేది. నౌకల ఇంధన చమురు వల్ల కలిగే నష్టానికి బాధ్యతను నిర్ణయించే ప్రత్యేక ఒప్పందం 2001లో ఆమోదం పొంది 2008 నవంబరులో అమలులోకి వచ్చింది.

సంస్థల సహకారం కూడా స్థిరరూపం దాల్చింది. బెల్జియం కేంద్రంగా పనిచేసే ‘సీ అలార్మ్’ సమన్వయంలో, శాన్‌కాబ్, ఇంటర్నేషనల్ బర్డ్ రెస్క్యూ, ట్రై-స్టేట్, కాలిఫోర్నియా నెట్‌వర్క్, బ్రెజిల్‌కు చెందిన ‘ఐయుకా’, న్యూజిలాండ్‌లోని మాసీ విశ్వవిద్యాలయం మొదలైనవి 2015 నుండి ఒక ఉమ్మడి అంతర్జాతీయ స్పందన వ్యవస్థను రూపొందించుకున్నాయి. ఏ దేశంలో దుర్ఘటన జరిగినా నిపుణుల బృందం ఒకే పద్ధతిలో పనిచేయగలగడం దాని ఆశయం. దీనికి చమురు పరిశ్రమ నుండి ఆర్థిక సహాయం లభించింది. కాలుష్యానికి కారణమయ్యే పరిశ్రమ ధనంతో రక్షణ వ్యవస్థ నడవడం స్వతంత్రతకు భంగమా, లేక బాధ్యతను ముందుగానే స్వీకరించడమా అన్న చర్చకు ఇది చోటిస్తుంది.

అయితే పెంగ్విన్‌ల సంఖ్య తగ్గుతూనే వచ్చింది. ట్రెజర్ అనంతర సంవత్సరాలలో దక్షిణాఫ్రికాలో 50 వేలకు పైగా సంతానోత్పత్తి జంటలుండగా, 2023 నాటికి ప్రపంచం మొత్తంలో 10 వేల జంటలు కూడా మిగలలేదు. 2024లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య ఈ జాతిని తీవ్ర ప్రమాదంలో ఉన్న వర్గంలో చేర్చింది. ఈ క్షీణతకు ప్రధాన కారణం చమురు కాదు, ఆకలి. సార్డైన్ చేపలు, నెత్తళ్ల జాతికి చెందిన ఆంకోవీలు గూళ్లకు దూరంగా జరిగిపోయాయి. మిగిలినవాటి కోసం వాణిజ్య వలలతో పక్షులు పోటీపడవలసి వచ్చింది. తూర్పు తీరంలోని అల్గోవా అఖాతంలో 2016 నుండి నౌకలు సముద్రం మీదనే ఒకదాని నుండి మరొకటి ఇంధనం నింపుకోవడం మొదలైంది. అక్కడి చమురు ఒలుకులు, నౌకల రొద సెయింట్ క్రోయ్ దీవి పెంగ్విన్‌లకు కొత్త ముప్పును తెచ్చాయి.

ఈ నేపథ్యంలో శాన్‌కాబ్ తన చరిత్రలో కొత్త అడుగు వేసింది. బర్డ్‌లైఫ్ సౌత్ ఆఫ్రికాతో కలిసి, గూళ్ల చుట్టూ చేపల వేటను అర్థవంతంగా నిషేధించాలని ప్రభుత్వంపై న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. మత్స్య పరిశ్రమతో కుదిరిన ఒప్పందాన్ని 2025 మార్చిలో ప్రిటోరియా హైకోర్టు ఉత్తర్వుగా వెలువరించింది. దాని ప్రకారం డాసెన్, రాబెన్ సహా ఆరు ప్రధాన ఆవాసాల చుట్టూ పదేళ్లపాటు ఆ చేపల వాణిజ్య వేటపై నిషేధం అమలవుతుంది. 2000లో ఏ ప్రభుత్వ విభాగపు అనుమతితో, సహకారంతో పక్షులను తరలించారో, పావు శతాబ్దం తరువాత ఆ ప్రభుత్వంతోనే అదే సంస్థ వాదించవలసి వచ్చింది. సహకారం అంటే ఎల్లప్పుడూ ఏకాభిప్రాయం కాదని ఈ పరిణామం తెలియజేస్తుంది.

8. ముగింపు

• చమురు దుర్ఘటనలలో జీవుల రక్షణ సద్భావనతో మొదలై, వైఫల్యాల నుండి నేర్చుకుంటూ సంస్థాగత రూపం పొందింది. 1967, 1971, 1994 సంవత్సరాల నష్టాలు లేకుండా 2000 నాటి విజయాన్ని అర్థం చేసుకోలేము.

• ట్రెజర్ ఘటనలో అత్యంత ఫలవంతమైన నిర్ణయం ఆరోగ్యమైన పక్షులను ముందుగానే తరలించడం. పక్షుల స్వభావాన్ని తెలిసిన శాస్త్రవేత్తలు, అధికారం గల ప్రభుత్వ విభాగం, రవాణా సామర్థ్యం ఒకేచోట కలవడం వల్లనే అది సాధ్యమైంది.

• విడిచిన పక్షులను ఏళ్ల తరబడి గమనించడం రక్షణ కృషిలో అంతర్భాగం. అది లేకుంటే సమర్థనా, విమర్శా రెండూ నిరాధారాలే.

• ఈ సహకారం హఠాత్తుగా, ఒకచోట, కంటికి కనిపించే ఆపదకు తగినది. ఆకలివలె నెమ్మదిగా, అంతటా, కనిపించకుండా వచ్చే ఆపదకు గోదాములు, డిటర్జెంట్లు, స్వచ్ఛంద సేవకులు చాలరు. చట్టం, మత్స్య విధానం, న్యాయస్థానం అవసరమవుతాయి.

2000లో సాల్ట్ రివర్ గోదాము నుండి కోలుకొని బయటపడిన పెంగ్విన్‌లు, కేప్ రెసిఫ్ నుండి ఈదుకుంటూ ఇల్లు చేరిన పెంగ్విన్‌లు తమ దీవులలో సంతానాన్ని కన్నాయి. ఆ సంతానానికి చుట్టుపక్కల సముద్రంలో చేప దొరుకుతుందా లేదా అన్నదానిపైనే నాటి కృషి తుది విలువ ఆధారపడి ఉంది.